గొంతు నాదే, మాట నాది కాదు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా నాయన ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు.

“ఏరా అబ్బాయ్, ఆ మోటారు కంపెనీ ఫోన్‌లో మాట్టాడేది నువ్వేనా?”

నేనింకా మంచం దిగలేదు. “ఏ మోటారు నాయనా?” అన్నా.

“మన బోరు మోటారు కాలిపోయిందిరా. వారంటీ ఉండాది గదా అని వాళ్ళ నంబరుకి చేస్తే ఒకాయన ఎత్తినాడు. అచ్చం నీ గొంతే. నేను సంబరపడి ‘మోటారు కాలిపాయె నాయనా’ అంటాండా. ఆయనేమో ‘క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు, దయచేసి మళ్ళీ చెప్పండి’ అంటాడు. మూడుసార్లు చెప్పినా. మూడుసార్లూ అదే మాట. నాలుగోసారి పెట్టేసినాడు. నువ్వైతే నా మాట అర్థం కాలేదని అనవు గదా?”

ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకంటే ఆ మాట్లాడింది నేనే.

కొంచెం వివరంగా చెప్తాను. హైదరాబాద్‌లో మా టీము చేసే పని, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినవాళ్ళతో మనిషికి బదులు మెషీన్ మాట్లాడేలా చేయడం. మీరు మాట్లాడిన మాటను అది అక్షరాలుగా మారుస్తుంది. ఆ అక్షరాల్లోంచి మీకేం కావాలో పట్టుకుంటుంది. తర్వాత జవాబు వినిపిస్తుంది. ఆ జవాబులకు ముందే రికార్డు చేసిన గొంతు కావాలి. ఇంకా పైలట్ ప్రాజెక్టే కదా, స్టూడియో ఖర్చు ఎందుకని టీములోనే ఎవరో ఒకరు చెప్పండన్నారు. నా గొంతు బాగుందన్నారు. “కానీ ఆ యాస మాత్రం రానీయకు” అన్నారు. రానీయలేదు. చిన్న మీటింగ్ రూములో తలుపులు బిగించుకుని, రెండు సాయంత్రాలు కూర్చుని, అరవై చిల్లర వాక్యాలు చెప్పా. ఒక్క దాంట్లో కూడా మా ఊరు వినపడదు. అప్పుడు అది గొప్పే అనుకున్నా.

మా ఊరు బేస్తవారిపేట. ఊరి పేరులోనే ఒక వారం ఉంది. మా వైపు గురువారాన్ని బేస్తవారం అంటారు. ఈ పేరు చెప్పగానే హైదరాబాద్‌లో సగం మంది ‘ఎక్కడ?’ అంటారు. కంభం పక్కన అంటే ఇంకో పాతిక మందికి తెలుస్తుంది, చెరువు పుణ్యాన. మిగిలినవాళ్ళకు మార్కాపురం పలకలు గుర్తు చేయాలి. ‘ఓ, ప్రకాశం జిల్లానా? మరి నీది సీమ మాటలా ఉందేంటి?’ అని తర్వాతి ప్రశ్న.

దానికీ ఒక కారణం ఉంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అని కొత్తగా పెట్టినప్పుడు మూడు జిల్లాల ముక్కల్ని కలిపి కుట్టారు. ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు నుంచి వచ్చింది. కనిగిరి, పొదిలి వైపు నెల్లూరు నుంచి వచ్చింది. మా మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు నుంచి వచ్చింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాగితం మీద జిల్లా ఒకటైంది గానీ నాలుకలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఒంగోలు వెళ్తే మమ్మల్ని సీమోళ్ళు అనేవాళ్ళు. కర్నూలు వెళ్తే కోస్తావోళ్ళు అనేవాళ్ళు. చదువైపోయి ఉద్యోగానికి కోచింగ్‌లో చేరితే, అక్కడొకాయన నా మాక్ ఇంటర్వ్యూ విని, “టెక్నికల్‌గా ఓకే, ముందు తెలుగు మార్చుకో, తర్వాత ఇంగ్లీషు దానంతటదే వస్తుంది” అన్నాడు. మార్చుకున్నా. ఆరేళ్ళు పట్టింది. ఎంత బాగా మార్చుకున్నానంటే, మా నాయన మాట నా గొంతుకే అర్థం కాలేదు.

ఆ ఆదివారం ఫోన్ పెట్టేశాక నాకు ఎందుకో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గుర్తొచ్చారు.

మా ఇంట్లో టీవీ ముందు గదిలో ఉండేది. నాయన పొలం నుంచి వచ్చి వెనక వసారాలో అన్నం తినేవాడు. అక్కడికి బొమ్మ కనపడదు, గొంతులే వినపడతాయి. హీరో ఎవరో ఆయనకు పట్టేది కాదు. కానీ ధర్మవరపు నోరు తెరిస్తే మాత్రం కంచం దగ్గర్నుంచే “మన జిల్లాయన వచ్చినాడే, సౌండు పెంచు” అని కేకేసేవాడు. ఒకటి రెండు మాటలు చాలు. ఒక్కోసారి మాట కూడా అక్కర్లేదు. మాట మొదలుపెట్టే ముందు ఆయన తీసే ఆ రాగం చాలు.

మన జిల్లాయన అని నాయన అన్నది నిజమే. ధర్మవరపు 1954 సెప్టెంబర్ 20న బల్లికురవ మండలం కొమ్మినేనివారిపాలెంలో పుట్టారు. అద్దంకి వైపు ఊరది. మాకూ వాళ్ళకూ మధ్య జిల్లా మొత్తం అడ్డంగా ఉంటుంది. పైగా ఆయన పుట్టినప్పుడు వాళ్ళది గుంటూరు జిల్లా, మాది కర్నూలు జిల్లా. అయినా నాయన లెక్కలో ఆయన మనవాడే. చాలా విషయాల్లో ఒంగోలుతో పేచీ ఉన్న మా పశ్చిమ ప్రాంతం, మాకు వేరే జిల్లా కావాలని ఏళ్ళ తరబడి అడిగిన మా ప్రాంతం, ధర్మవరపు దగ్గర మాత్రం పంపకాలు పెట్టుకోలేదు.

ఆయన కథ సినిమా ఆఫీసుల చుట్టూ తిరగడంతో మొదలు కాలేదు. ఒంగోలు సీఎస్సార్ శర్మ కాలేజీలో చదువు, ప్రజానాట్యమండలి నాటకాలు. తర్వాత ‘నేటి భారతం’, ‘ప్రతిఘటన’ తీసిన టి. కృష్ణ కూడా ఆ కాలేజీ నుంచి, ఆ నాటకాల నుంచి వచ్చినవాడే. నాటకం అంటే అప్పట్లో ఊరి మధ్య నాలుగు బల్లలు వేసిన స్టేజీ. చివర కూర్చున్నవాడికి మొహం కనపడదు, గొంతే వినపడాలి. ఆ తర్వాత ప్రభుత్వోద్యోగం. ఆఫీసు, ఫైలు, అటెండరు, ‘సారు మీటింగులో ఉన్నారు’ అనే మాట, ఇవన్నీ ఆయన బల్లకు ఇవతల నిలబడి కాదు, అవతల కూర్చుని చూశారు.

తర్వాత దూరదర్శన్. ‘ఆనందోబ్రహ్మ’ సీరియల్ ఆయన్ను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది. అది నేను చూడలేదు, నాయన చెప్పగా విన్నదే. వీధి మొత్తానికి రెండో మూడో టీవీలుండే రోజులు. యాంటెన్నా తిప్పడానికి మేడ మీద ఒకడు, ‘వచ్చింది, వచ్చింది, పాయె’ అని చెప్పడానికి కింద ఒకడు. బొమ్మ చినుకులు చినుకులుగా ఉన్నా ఎవరూ లేచి వెళ్ళేవాళ్ళు కాదంట. “బొమ్మతో పనేముందిరా, ఆయన మాట వినపడితే చాలు గదా” అంటాడు నాయన.

సినిమాల్లోకి జంధ్యాల తీసిన ‘జయమ్ము నిశ్చయమ్ము రా’తో వచ్చారు. అది 1989. ‘తోకలేని పిట్ట’ అని ఒక సినిమాకు దర్శకత్వం కూడా చేశారు. కానీ నా వయసువాళ్ళకు ఆయన అంటే లెక్చరరే. 2001లో తేజ తీసిన ‘నువ్వు నేను’ చూడనివాళ్ళుంటారా? ఉదయ్ కిరణ్, సునీల్ బెంచీల్లో కూర్చుంటే, బోర్డు ముందు ఈయన. ఇంజినీరింగ్‌లో మాకు ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో లెక్చరరు ఉండేవారు గానీ, అందర్నీ కలిపి మేం పెట్టుకున్న పేరు మాత్రం ధర్మవరపే. ‘ఒక్కడు’లో పాస్‌పోర్ట్ ఆఫీసరు. ఇంకా ఎన్నో సినిమాల్లో ప్రిన్సిపాలు, మేనేజరు, ఎవరో ఒక సారు. నంది అవార్డులొచ్చాయి. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో రాష్ట్ర సాంస్కృతిక మండలికి అధ్యక్షుడయ్యారు. ఆ తర్వాత సాక్షి టీవీలో ‘డింగ్ డాంగ్’ అని రాజకీయాల మీద వెటకారం. అంటే టీవీలో మొదలై మళ్ళీ టీవీకే వచ్చారు.

ఈ మధ్య రాత్రిళ్ళు ఆయన సీన్లు వరసగా వింటున్నా. వింటున్నా అనే అంటున్నా, చూడట్లేదు. ఫోన్ బోర్లా పెట్టి ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఆయన ఏం చేస్తున్నారో ఇంకా బాగా తెలుస్తోంది.

మొదటిది, తొందర లేదు. పక్కన హీరో గబగబా మాట్లాడుతుంటాడు. ఈయన మాత్రం ఆఫీసు ఫైలు విప్పినట్టు మాటను విప్పుతారు. చివరి అక్షరాన్ని సాగదీసి, దాన్ని గాల్లో కాసేపు వదిలేస్తారు. రెండోది, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచరు. కోపం రావాల్సిన చోట నీరసంగా, మామూలు సంగతి చెప్పేటప్పుడు ఏదో ప్రకటన చేస్తున్నట్టు చెప్తారు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ నిశ్శబ్దం. ఎదుటివాడు ఏదో అంటాడు. ఈయన వెంటనే బదులు చెప్పరు. ఒక క్షణం, ఇంకో క్షణం. ఆ ఖాళీలో మనకు ఆ పెద్దమనిషి బుర్ర తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. అప్పటికే నవ్వు మొదలైపోతుంది. మాట వచ్చేది ఆ తర్వాతే.

ఆయన మాట్లాడింది ఏదో ఒక జిల్లా యాస అని చెప్పలేం. అది సారుల భాష. కాస్త ఇంగ్లీషు, కాస్త పుస్తకాల తెలుగు, మధ్యలో అసలు మనిషి బయటపడిపోయే ఒక నాటు మాట. మన లెక్చరర్లూ, ఆఫీసర్లూ పెద్దరికం కోసం గొంతుకు తొడుక్కునే ఇస్త్రీ చొక్కా అది. ఆయన దాన్ని తొడుక్కుని, ఎక్కడ పిగిలిందో మనకు చూపించేవారు.

ఇక్కడే నాకో తేడా కనిపించింది. మన సినిమాల్లో యాస మీద నవ్వించడం చాలా తేలిక. పనిమనిషికి ఒక యాస, రౌడీకి మా సీమ యాస, హీరోకి మాత్రం ఏ ఊరూ లేని తెలుగు. ధర్మవరపు నవ్వించింది ఊరివాడి మాట మీద కాదు, ఊరు దాచుకుని సారు అవుదామనుకునేవాడి మాట మీద. ఇన్నాళ్ళూ ఆయన్ను చూసి నవ్వుకున్నది మా లెక్చరర్లను తలుచుకుని అనుకున్నా. ‘దయచేసి మళ్ళీ చెప్పండి’ అని మా నాయనకు మూడుసార్లు చెప్పిన గొంతు విన్నాక తెలిసింది, ఆ ఇస్త్రీ చొక్కా ఇప్పుడు నా ఒంటి మీదే ఉందని.

తెలుగు సినిమాలో గొంతు అరువు తెచ్చుకోవడం పాత అలవాటే. రాజశేఖర్‌కు సాయికుమార్ గొంతిచ్చారు. కమల్ హాసన్ తెలుగులో మాట్లాడిందంటే అది చాలాసార్లు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమే. ఎంతోమంది హీరోయిన్లకు సరిత గొంతే ప్రాణం పోసింది. గొప్ప కళ అది, తక్కువ చేయడం లేదు. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయినా మనం ఏడ్చాం, విజిల్స్ వేశాం. కానీ ధర్మవరపు మొహానికి ఇంకొకరి గొంతు పెట్టి చూడండి. నవ్వు రాదు. ఆ మొహంలో ఏ కదలికా ఉండదు, పనంతా గొంతుదే. మిమిక్రీ చేసేవాళ్ళు ఆయన రాగాన్ని దింపగలరు, కానీ ఆ ఆగడం ఎంతసేపో ఆయనకే తెలుసు.

2013 డిసెంబర్ 7న ఆయన హైదరాబాద్‌లో పోయారు. క్యాన్సర్. యాభై తొమ్మిదేళ్ళు. నెల తిరక్కుండానే, 2014 జనవరి 5న ఉదయ్ కిరణ్ కూడా వెళ్ళిపోయాడు. ఆ సంక్రాంతి సెలవుల్లో టీవీలో ‘నువ్వు నేను’ సీన్లు వస్తుంటే, నాయన వసారాలోంచి సౌండు పెంచమనలేదు. కంచం పట్టుకుని ముందు గదిలోకి వచ్చి, నిలబడే చూశాడు. సారూ లేడు, శిష్యుడూ లేడు. క్లాసు మాత్రం నడుస్తానే ఉంది.

సరే, మోటారు సంగతి.

ఆ సోమవారం ఆఫీసులో లాగ్స్ తీశా. మా నాయన కాల్ దొరికింది. అందులో ఆయన మొదట చెప్పింది మోటారు గురించి కాదు. “హలో నాయనా, బాగుండావా” అన్నాడు. తర్వాత కాసేపు ఆగాడు, అవతలివాడు బాగున్నానంటాడని. మా మెషీన్‌కు ఆ ఆగడం తెలీదు. మనిషి మాట్లాడటం అయిపోయిందనుకుని, వచ్చిన నాలుగు ముక్కల్లో మోటారు దొరక్క, అర్థం కాలేదంది. రెండోసారి ‘కాలిపాయె’ అన్నాడు. మేం నేర్పిన మాటల్లో ‘మోటారు పనిచేయడం లేదు’ ఉంది, ‘కాలిపోయింది’ ఉంది, ‘కాలిపాయె’ లేదు. మేం దానికి నేర్పింది ఎక్కువగా కాగితం చూసి చదివిన తెలుగు. కాగితం చూసి ఎవరూ మోటారు కాలిందని బాధపడరు.

ఆ వారాంతం ఊరెళ్ళా. సాయంత్రం అరుగు మీద నాయనా, ఆయన స్నేహితులూ చేరాక విషయం చెప్పి, రికార్డు చేసుకోనా అని అడిగా. “మా మాటలు మిషన్‌కి ఎందుకురా” అని నవ్వారు గానీ, మోటారు అనగానే ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. కాలిపాయె. వైండింగ్ పోయినాది. నీళ్ళు ఎత్తట్లా. తిరగట్లా. ఊరికే గూ అంటాంది. పొగొచ్చె. ఒక పెద్దాయన మోటారు సంగతి చెప్పబోయి, ముందు బోరు ఎన్ని అడుగులు వేశాడో, ఎంత అప్పయిందో, మొదటి బోరు ఎట్టా ఎండిపోయిందో అంతా చెప్పి, చివర్లో చిన్నగా “ఇప్పుడు ఇదీ పాయె” అన్నాడు. ఆ ‘ఇదీ పాయె’కి ముందు ఆయన ఎంతసేపు ఆగాడో నేను లెక్కపెట్టలేదు. ఫోన్ పట్టుకున్న నా చెయ్యి మాత్రం దించాలనిపించలేదు. మా మెషీన్ అయితే ఆ పెద్దాయన ఫోన్ ఎప్పుడో పెట్టేసి ఉండేది.

తిరిగొచ్చి టీములో వినిపించా. మొదట ఇద్దరు నవ్వారు, ఆ పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. కొత్త మాటలు కలిపాం. మెషీన్ ఆగే సమయం పెంచాం. రికార్డింగులన్నీ మా ఊరి మాటలో మళ్ళీ చెప్తానంటే మాత్రం క్లయింటు ఒప్పుకోలేదు. ‘మిగతా జిల్లాలవాళ్ళకు ఇబ్బంది’ అన్నారు. అందులోనూ న్యాయం లేకపోలేదు. శ్రీకాకుళం రైతుకు నా సీమ మాట ఎందుకు? ఒక్క వాక్యం మార్చడానికి మాత్రం ఒప్పుకున్నారు. ‘మీరు చెప్పింది అర్థం కాలేదు’ తీసేసి, ‘నాకు సరిగ్గా వినపళ్ళేదండి, ఇంకోసారి చెప్తారా?’ అని పెట్టాం. తప్పు వాళ్ళ మాటది కాదు, నా చెవిది అని. దాన్ని చెప్పేటప్పుడు ఎవరూ యాస తీసెయ్యమనలేదు. నేనూ తీయలేదు.

మొన్న నాయన మళ్ళీ ఫోన్ చేసి చూశాడు. మోటారు అప్పటికే బాగు చేయించాడు, ఊరికే చూద్దామని. రెండోసారికి కంప్లైంటు నంబరు వచ్చిందంట. బాగు చేసిన మోటారుకి కంప్లైంటు, అది వేరే తలనొప్పి.

“ఎట్టుంది నాయనా?” అన్నా.

వెంటనే చెప్పలేదు. కాసేపు ఆగాడు. వెనక వసారాలోంచి మాట్లాడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

“ఇప్పుడు వింటాండాడు,” అన్నాడు. “మాట ఇంకా సారు మాదిరే ఉండాది గానీ, వింటాండాడు.”